‘పలువురు’ అంటే ఎంతమంది మావయ్యా?

శాలువా అవార్డు నాకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఫోన్ చేసినాయన "మిమ్మల్ని ఉత్తమ పాత్రికేయుడిగా ఎంపిక చేశాం సార్" అన్నాడు. సంతోషించాను. శాలువా, మెమెంటో, మధ్యాహ్నం భోజనం ఉంటాయని చెప్పి, చివర్లో "రిజిస్ట్రేషన్‌కి మూడు వేలు అవుతుంది" అన్నాడు. కట్టాను. ఆ శాలువా ఇప్పుడు మా అమ్మ కప్పుకుంటోంది. రెండోసారి మాత్రం డబ్బు అడగలేదు. ఆగస్టు పదిహేనున పోలీస్ పరేడ్ గ్రౌండ్‌లో నిలబెట్టి ప్రశంసా పత్రం ఇచ్చారు. ఆ పత్రంలో నా ఇంటిపేరు తప్పుపడింది.

కాబట్టి అవార్డు అనే మాట వింటే నాకు పెద్దగా ఏమీ అనిపించేది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పంతొమ్మిదేళ్ళుగా ఒక తెలుగు దినపత్రికకి మండల కంట్రిబ్యూటర్‌ని. జీతం లేదు, లైన్ అకౌంట్. ఎంత అచ్చయితే అంత. కొబ్బరి ధర పడిపోతే రాస్తాం, ఎలుగుబంటి తోటలోకి వస్తే రాస్తాం, మండల సర్వసభ్య సమావేశంలో ఎవరు ఎవరిని తిట్టారో రాస్తాం. మిగతా కాలమంతా కిడ్నీల గురించే.

కిడ్నీల సంగతి మీకు తెలిసే ఉంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ ఏడు మండలాల్లో షుగర్ లేనివాళ్ళకి, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతాయి. నీళ్ళన్నారు, నీళ్ళలో సిలికా అన్నారు, ఎండలో పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదే కారణం అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ‘ఉద్దానం నెఫ్రోపతీ’ అని రోగానికి మా ఊళ్ళ పేరే పెట్టేశారు. కొబ్బరి తోటలు చూసి కోనసీమ అనుకుని ఫొటోలు తీసుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని నాకు ప్రతిసారీ సందేహమే.

2023 అక్టోబరులో, తిత్లీ తుపాను వచ్చి ఐదేళ్ళయిన సందర్భంలో, మూడు రోజుల వరస కథనం రాశాను. మొదటి రోజు డయాలసిస్‌కి వెళ్ళే దారి గురించి, రెండో రోజు ఒక జీడి పిక్కల కార్మికురాలి గురించి, మూడో రోజు మంచినీళ్ళ గురించి. రెండో రోజుది జిల్లా పేజీలో బ్యానర్‌గా వచ్చింది. "ఉద్దానం.. ఉసూరుమంటూ!" అని డెస్క్ వాళ్ళు హెడ్డింగ్ పెట్టారు. నాకూ నచ్చింది. చదివిన వాళ్ళు ఫోన్లు చేశారు. విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనకోడలు వాట్సాప్‌లో చూసి, "మావయ్యా, దీన్ని గోయెంకా అవార్డుకి పంపొచ్చు కదా" అంది.

గోయెంకా పేరు మా ఇంట్లో కొత్తది కాదు. మా తాతగారు ఆంధ్రప్రభ మనిషి. రామ్‌నాథ్ గోయెంకా బీహార్‌లోని దర్భంగాలో 1904లో పుట్టాడు. మద్రాసు వచ్చి, ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌ని చేతిలోకి తీసుకుని, 1938లో తెలుగులో ఆంధ్రప్రభ పెట్టాడు. నార్ల వెంకటేశ్వరరావు చాలా ఏళ్ళు సంపాదకుడిగా ఉన్నది అందులోనే. "నార్ల సంపాదకీయం చదివాకే పొలం వెళ్ళేవాణ్ణి" అని తాతగారు చెప్పేవారు. ఆయన పొలం వెళ్ళడం మేమెవరం చూడలేదు గానీ, చదవడం చూశాం. ఎమర్జెన్సీ పెట్టాక, వార్తల మీద సెన్సార్‌కి నిరసనగా 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటుని ఖాళీగా వదిలేసిన సంగతి కూడా ఆయన నోటే మొదట విన్నాను. ఏమీ రాయకుండా వార్త రాయొచ్చని చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు.

గోయెంకా శతజయంతి వేడుకల్లో భాగంగా ఎక్స్‌ప్రెస్ గ్రూపు 2006లో మొదలుపెట్టింది పాత్రికేయులకిచ్చే ఈ అవార్డుని. పరిశోధన, రాజకీయాలు, పర్యావరణం, ఆటలు, ఫొటోలు, పుస్తకాలు ఇలా చాలా విభాగాలున్నాయి. ఒక్కో దానికి లక్ష రూపాయలు. ప్రాంతీయ భాషలకి వేరే విభాగం ఉంది. కంటికి కనిపించని భారతదేశాన్ని వెలికితీసే వార్తలకని ఇంకో విభాగం ఉంది. మేనకోడలు "ఇది మనల్ని చూసే పెట్టారు మావయ్యా" అంది. నేను నవ్వాను. ఉద్దానం కనిపించకపోవడం ఏమిటి? పవన్ కల్యాణ్ 2017లో ఇచ్ఛాపురం వచ్చి రోగులతో మాట్లాడినప్పటి నుంచి మాకు కెమెరాల కొరత లేదు. ప్రాంతీయ భాషలకే పంపుదాం అన్నాను.

ఒక క్యాలెండర్ సంవత్సరంలో అచ్చయిన వార్తలే పంపాలి. అక్టోబరుది కాబట్టి ఆ చిక్కు లేదు. అసలు చిక్కు నా పేరు. మూడు కథనాల్లో ఎక్కడా నా పేరు లేదు. బయటివాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. మండల విలేకరి వార్తకి పైన ఊరి పేరు, పత్రిక పేరు ఉంటాయి, అంతే. బైలైన్ అనేది స్టాఫ్ రిపోర్టర్లకి, అదీ ఎప్పుడైనా. పంతొమ్మిదేళ్ళలో నా పేరు పేపర్లో పడింది రెండుసార్లు. ఒకసారి మా నాన్న చనిపోయినప్పుడు, "విలేకరికి పితృవియోగం" అని. రెండోసారి పైన చెప్పిన ప్రశంసా పత్రం, అక్కడ కూడా అదే తప్పు ఇంటిపేరుతో.

పేరు లేని వార్త నాదేనని ఢిల్లీలో ఎవరు నమ్ముతారు? ఆఫీసు నుంచి ఒక లెటర్ ఉంటే మంచిదని బ్యూరోకి వెళ్ళాను. ఇన్‌ఛార్జి మంచివాడే. టీ తెప్పించాడు.

"ఎవరు రాశారన్నది ఏముందయ్యా, పేపర్ రాసింది" అన్నాడు.

"నిజమే సార్. లెటర్లో అదే రాసి, సమాచారం సేకరించింది ఫలానా అని ఒక ముక్క కలపండి."

"హెడ్డాఫీసు అడగాలి."

హెడ్డాఫీసుని అడగడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఈలోగా నేను నాలుగుసార్లు బస్సెక్కాను. చివరికి లెటర్ వచ్చింది, ఒకటే వాక్యం. ఆ వాక్యంలో నా పేరు కరెక్టుగా ఉంది. జిరాక్స్ తీయించి పెట్టుకున్నాను, అవార్డుతో సంబంధం లేకుండా.

తర్వాత కటింగులు. ఈ-పేపర్‌లో పాత పేజీలు తెరుచుకోలేదు. నా దగ్గర కటింగులు ఉన్నాయి, కానీ సముద్రం గాలికి అంచులు బూజు పట్టాయి. తిత్లీలో ఇంటి రేకులు లేచిపోయి అంతకుముందు పదమూడేళ్ళ కటింగులూ తడిసి ముద్దయ్యాయి. అప్పటి నుంచి ప్లాస్టిక్ డబ్బాలో పెడుతున్నాను, అయినా ఇంతే. నెట్ సెంటర్ కుర్రాడు ఒక్కో పేజీని మూడు ముక్కలుగా స్కాన్ చేసి అతికించాడు. రెండు వందల నలభై తీసుకున్నాడు. అతికిన చోట ఒక లైను రెండుసార్లు వచ్చింది. పోనీలే అన్నాను. లైన్ అకౌంట్‌లో అలా రెండుసార్లు ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఇక ఇంగ్లీషు. తెలుగు కథనంతో పాటు ఇంగ్లీషు అనువాదం ఇవ్వాలి కదా, చదివి తీర్పు చెప్పేవాళ్ళకి తెలుగు రాకపోవచ్చు. మేనకోడలు సంక్రాంతికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. నేను పక్కన కుర్చీ వేసుకున్నాను. ఒక పూటలో అయిపోతుందనుకున్నాం. నాలుగు రోజులు పట్టింది.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం. "డయాలసిస్ కోసం వెళ్ళలేక పలువురు రోగులు అవస్థలు పడుతున్నారు."

"పలువురు అంటే ఎంతమంది మావయ్యా?"

"పలువురంటే పలువురే. చాలామంది."

"చాలామంది అంటే ఎంతమంది? నువ్వు ఎంతమందితో మాట్లాడావు?"

నోట్‌బుక్ తెచ్చాను. పేజీలు తిప్పాను. నలుగురితో మాట్లాడాను.

నలుగురు తక్కువేం కాదు. కానీ "నలుగురు రోగులు" అని రాస్తే డెస్క్‌లో ఆ వార్త బ్యానర్ అవదు, లోపలి పేజీలో సింగిల్ కాలమ్ అవుతుంది. పలువురు అనే మాట అందుకే పుట్టింది. ఒకరున్నా పలువురే, వెయ్యిమందున్నా పలువురే.

రెండో రోజు ఇంకా కష్టమైంది. "అధికారులు చోద్యం చూస్తున్నారు" అన్న చోట "ఏ అధికారులు?" అంది. "ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి" అన్న చోట "ఎవరు ఆరోపించారు?" అంది. "వివరణ కోరేందుకు ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు" అన్నప్పుడు ఏమీ అడగలేదు, నా వంక చూసింది. నేను ఆ అధికారికి ఒకే ఒక్కసారి ఫోన్ చేశాను. రాత్రి ఏడున్నరకి. పేజీ క్లోజ్ అయ్యే టైముకి.

ఇంకో సంగతి. వ్యాపార ప్రకటనల సంస్థలో పనిచేసే ఒక పాత మిత్రుడు, ఎంట్రీతో పాటు చిన్న నోట్ పెట్టమని సలహా ఇచ్చాడు. అందులో ‘ఇంపాక్ట్’ గట్టిగా చూపించాలట. "నీ వార్త అక్టోబరులో వచ్చింది. పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి డిసెంబరు 14న మొదలైంది. రెండిటినీ పక్కపక్కన పెట్టు, చాలు. నువ్వేమీ అబద్ధం చెప్పక్కర్లేదు" అన్నాడు. ఒక రాత్రంతా ఆ మాటే తిరిగింది బుర్రలో. తేదీలు నిజమే. కానీ ఆ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది 2019 సెప్టెంబరులో. ఆ రోజు జనంలో నిలబడి నోట్స్ రాసుకున్నది నేనే. హిరమండలం నుంచి ఏడు వందల కోట్లతో నీళ్ళు తెచ్చే పథకం కూడా డిసెంబరు 14నే మొదలైంది, అదీ నా మూడో కథనం చూసి తవ్విన పైపులైను కాదు. నోట్‌లో ఇంపాక్ట్ అనే మాట రాయలేదు. మిత్రుడికి మాత్రం రాశానని చెప్పాను. ఆయన్ని నొప్పించడం ఎందుకని.

అసలు దెబ్బ మూడో రోజు తగిలింది. జీడి పిక్కల ఆవిడ కథనం. ఫోన్లు మోగించిన కథనం అదే. అందులో "తన గోడు చెబుతూ ఆమె కన్నీటి పర్యంతమైంది" అని ఉంది.

"కన్నీటి పర్యంతం అంటే ఏడ్చిందనేగా మావయ్యా? ఏడ్చిందని రాసెయ్యనా?"

అలా సూటిగా, ఇంకో భాషలో అడిగేసరికి నాకు ఆ రోజు గుర్తొచ్చింది. ఆవిడ ఏడవలేదు. గుమ్మంలో కూర్చుని లెక్క చెప్పింది. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆటో రానుపోను నాలుగు వందలు. నెలకి పదమూడుసార్లు వెళ్తే ఐదువేల రెండొందలు. గవర్నమెంటు పింఛను పదివేలు. సగం రోడ్డు మీదే పోతోంది. చెప్తున్నంతసేపూ ఎడమ చేతి మీద ఉబ్బిన నరాన్ని కుడిచేత్తో పట్టుకునే ఉంది. ఆ వేళ్ళు జీడి రసానికి కాలి నల్లగా ఉన్నాయి. ఇవన్నీ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. పేపర్లో లేవు. కొంత నేనే రాయలేదు, రాసినదాంట్లో కొంత డెస్క్ తీసేసింది. ‘కన్నీటి పర్యంతం’ డెస్క్ పెట్టిందని ఇన్నాళ్ళూ నన్ను నేను నమ్మించుకున్నాను. పంపిన మెయిల్ తీసి చూశాను. నేనే రాశాను.

అచ్చయినదాన్ని ఉన్నదున్నట్టు అనువదించాలి, మార్చడానికి వీల్లేదు. మరి ఏడవని మనిషిని ఇంగ్లీషులో కూడా ఏడిపించాలా? ఒకసారి ఆవిడని కలిసి వద్దామనుకుని మర్నాడు బండి తీశాను. నిజం చెప్పాలంటే "ఏడ్చాను బాబూ" అంటుందేమో అన్న ఆశ కూడా ఉంది.

నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

"ఏటి బాబూ, మల్లీ రాత్తావా?"

"లేదమ్మా. ఢిల్లీకి పంపుతున్నాం దాన్ని. ఆ రోజు మీరు ఏడిచారని రాశాను. ఏడిచారా?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "నానెప్పుడు ఏడిసినాను బాబూ? లెక్క సెప్పినాను గదా నీకు."

మంచినీళ్ళు ఇచ్చింది నాకు. తను తాగలేదు. డయాలసిస్ వాళ్ళకి రోజుకి తాగాల్సిన నీళ్ళకి కొలత ఉంటుంది. తర్వాత నెమ్మదిగా ఇంకో సంగతి చెప్పింది. చిన్న కూతురికి ఒరిస్సా వైపు నుంచి సంబంధం వచ్చింది. మాటలు దాదాపు అయిపోయాయి. పేపర్లో ఊరి పేరు, ఈవిడ ఫొటో ఎవరో వాళ్ళకి చూపించారు.

"సమ్మందం తిరిగెల్లిపోనాది. పేపరే సెడగొట్టిందని నాననను బాబూ. ఈ ఊరంటేనే సమ్మందాలు రావు. గానీ బొమ్మ ఎయ్యకుండా ఉండాల్సింది."

ఫొటో తీసేటప్పుడు అడిగాను. సరేనంది. పేపర్లో వేస్తారా అని మాత్రం ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫోన్ ఎత్తి ఫొటో తీస్తే పేపర్లో పడుతుందని అందరికీ తెలుసనుకుంటాం మేము. నేను తలూపి లేచాను. క్షమించమని అడిగానా అంటే, అడిగాను. "పోన్లే బాబూ" అంది. ఆ పోన్లే ఎలాంటి పోన్లేనో బండి మీద వస్తూ ఆలోచించాను గానీ తేలలేదు.

ఇంటికొచ్చి మేనకోడలికి చెప్పాను, రెండో రోజు కథనం తీసేద్దామని.

"అది లేకపోతే ఇంకేముంది మావయ్యా దీంట్లో?" అంది.

నిజమే, ఏమీ లేదు. మిగిలిన రెండూ దారి, నీళ్ళు. మనిషి లేడు. ముఖం కనిపించకుండా చేసి పంపుదామా అంటే అచ్చయిన పేజీని దిద్దినట్టవుతుంది. దిద్దకుండా పంపితే ఆ ఫొటోని ఇంకొందరి ముందు పెట్టినట్టు. మేనకోడలు కాస్త కోప్పడింది. సంక్రాంతి సెలవులు నా కన్నీటి పర్యంతానికి ఖర్చయిపోయాయంది. తర్వాత తనే కూర్చుని ఒకటో రోజుది, మూడో రోజుది శుభ్రంగా పూర్తి చేసింది. ‘పలువురు’ దగ్గర ఇంగ్లీషులో కూడా అంకె లేని మాటే పెట్టాల్సొచ్చింది. ‘ఉసూరుమంటూ’కి మాట దొరకలేదు, అయినా ఆ హెడ్డింగ్ ఉన్న పేజీయే వెళ్ళలేదు కాబట్టి ఆ బాధ తప్పింది.

రాత్రి పదకొండు దాటాక అప్‌లోడ్ చేశాం. కరెంటు రెండుసార్లు పోయింది. మేనకోడలి ఫోన్ నెట్‌తో మూడోసారికి వెళ్ళింది. టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి, పదో తరగతి రిజల్ట్ రోజులాగా. తనకి తెలియకుండా ఒక చిన్న లెక్క కూడా వేసుకున్నాను, లక్ష వస్తే దేనికి ఎంత అని. రేకులు తీసి స్లాబ్ వేయడానికి చాలదు. బండి మార్చొచ్చు.

ఆ తర్వాత ఏడాది దాటిపోయింది. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, మా బ్యూరో ఇన్‌ఛార్జి బదిలీ అయ్యాడు. 2025 మార్చి 19న ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఆ అవార్డులు ఇస్తున్నారని నా ఫోన్‌లో వార్త వచ్చినప్పుడు నేను మండల సమావేశంలో వెనక వరసలో ఉన్నాను. అక్కడ తాగునీటి కుళాయిల మీద గొడవ జరుగుతోంది. పేర్లు కిందికి జరుపుతూ చూశాను. నా పేరు ఉండదని తెలుసు. రెండు కథనాలు పంపిన రోజే తెలుసు. అయినా చివరిదాకా జరిపాను.

గెలిచినవాళ్ళ కథనాలు కొన్ని ఆ వారంలో వెతికి చదివాను. ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతాను. అవార్డు ఎందుకొచ్చిందో రెండు పేజీలు చదివేసరికి అర్థమైంది. ఎంతమందితో మాట్లాడారో, ఏ కాగితం చూశారో, ఎవరికి ఎన్నిసార్లు ఫోన్ చేశారో వరసగా ఉన్నాయి. వాళ్ళకి నెలలు ఇస్తారు, మాకు సాయంత్రం ఐదు వరకు ఇస్తారు. అది నిజం. నేను ఒక్కసారే ఫోన్ చేసిన మాట కూడా నిజం.

జీడి పిక్కల ఆవిడ చిన్న కూతురికి ఆ మే నెలలో పెళ్ళయింది, పలాస దగ్గరి సంబంధం. పిలిచారు. వెళ్ళాను. ఫోన్ జేబులోంచి తీయలేదు.

జూన్‌లో మళ్ళీ డయాలసిస్ మీదే వార్త రాయాల్సొచ్చింది, యంత్రాలు చాలక రోగులు బయట ఎదురుచూస్తున్నారని. ఈసారి ఉదయం నుంచి అక్కడే కూర్చున్నాను. ఒక్కొక్కరినీ అడిగి, ఊరూ, వచ్చిన టైమూ, లోపలికి వెళ్ళిన టైమూ రాసుకున్నాను. సంబంధిత అధికారికి మూడుసార్లు ఫోన్ చేశాను, మూడోసారి ఎత్తాడు, ఏమన్నాడో రాశాను. మొదటి వాక్యం ఇలా పంపాను: "సోమవారం ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు పదకొండు మంది రోగులు డయాలసిస్ కోసం బయట ఎదురుచూశారు." మేనకోడలికి కూడా వాట్సాప్‌లో పెట్టాను. బొటనవేలు బొమ్మ పంపింది.

మర్నాడు పొద్దున్నే పేపర్ తీశాను. లోపలి పేజీ, సింగిల్ కాలమ్. "డయాలసిస్ కోసం పలువురు రోగుల పడిగాపులు."